వాళ్ల బట్ట మీద మన పెత్తనం

ఆదివాసీల బట్ట గురించి ఒడిశాలోని మా రాయగడలో రెండు మాటలు తరచుగా వినపడతాయి. ఒకటి, "ఇంకా ఆ గుడ్డముక్కలేంటండీ, చక్కగా చీర కట్టుకుంటే ఏం పోయింది" అని. రెండోది, "అయ్యో, వీళ్లు కూడా నైటీలూ జీన్సులూ మరిగేశారు, సంస్కృతంతా పోతోంది" అని. విచిత్రం ఏంటంటే ఈ రెండు మాటలూ చాలాసార్లు ఒకే నోట్లోంచి వస్తాయి. బ్యాంకులోనో ఆసుపత్రి వరండాలోనో లైన్లో నిలబడినప్పుడు మొదటిది, చైతీ ఉత్సవాల్లో స్టేజీ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాక రెండోది. ఆ బట్ట ఎవరి ఒంటి మీదుందో వాళ్లకేం కావాలో మాత్రం ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

నేను చెప్పాలనుకున్నది ముందే చెప్పేస్తాను, లేకపోతే చివరిదాకా చదివి "ఇంతకీ ఏమంటావమ్మా" అంటారు. వాళ్ల బట్ట ఎప్పుడూ అడవిలో ఒంటరిగా పుట్టలేదు. ఇరుగుపొరుగు కులాల మధ్య, సంతలో, బేరాల్లో పుట్టింది, కాలాన్ని బట్టి మారుతూనే వచ్చింది. అలాంటప్పుడు దాన్ని మార్చుకోకూడదని చెప్పే హక్కూ మనకి లేదు, మార్చుకుని తీరాలని చెప్పే హక్కూ లేదు. మనం చెయ్యగలిగింది ఒకటుంది, కానీ అది డబ్బుతో పని, అందుకని ఉపన్యాసాల్లో ఎవరూ దాని జోలికి పోరు.

నేను పార్వతీపురం పిల్లని, రాయగడ కోడల్ని. రైలెక్కితే సర్దుకుని కూర్చునేలోపే దిగే దూరం, మధ్యలో రాష్ట్రం మారిపోతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో మన విశాఖపట్నం జిల్లాయే, అందుకే ఇప్పటికీ ఇక్కడి బజార్లో చాలా కొట్లలో తెలుగే నడుస్తుంది, మజ్జిగౌరమ్మకి మొక్కులూ తెలుగులోనే. మాదీ అలాంటి కొట్టే, బట్టల కొట్టు, మా మామగారు పెట్టింది. బుధవారం వచ్చిందంటే మావారు చాటికోన సంతకి మూట వేసుకెళ్తారు, ఇంట్లో పని కుదిరితే నేనూ వెళ్తాను. ఆ మూటలో చీరలు తక్కువ. తెల్ల గుడ్డ, దారం లచ్చిలు, సూదులు, పూసలు, తల క్లిప్పులు ఎక్కువ. ఎందుకంటే అది నియమగిరి కొండల మీంచి డొంగ్రియా కోందులనే తెగవాళ్లు దిగే సంత. పసుపు, అల్లం, అనాస, పనస ఏ కాలానికి ఏది వస్తే అది మోసుకొస్తారు, అమ్ముకున్న డబ్బుతో ఉప్పు, ఎండుచేపలు కొనుక్కుని తర్వాత మా వైపు వస్తారు.

మొన్న ఒక పిల్ల వచ్చింది, పదిహేడు పద్దెనిమిదేళ్లుంటాయి. ఎర్ర దారం లచ్చి ఒకటి తీసి ఎండకి పట్టి చూసింది. తర్వాత దారం కొస నోట్లో పెట్టి తడిపి, తన ఒంటి మీది గుడ్డ మూల మీద బొటనవేలితో గట్టిగా రుద్దింది. లేత గులాబీ మరక పడింది. మారు మాట్లాడకుండా లచ్చి వెనక్కి తోసేసింది. "కొత్త సరుకమ్మా, బానే ఉంటాది" అని మావారు అంటే, సమాధానంగా ఆ మరకున్న మూల ఎత్తి ఆయన ముఖం ముందు పెట్టింది. పక్కనున్న ఆడవాళ్లంతా ఒకటే నవ్వు. ఇంకో కట్ట విప్పించింది, మళ్లీ తడపడం, మళ్లీ రుద్దడం. రంగు దిగనిది దొరికాక అప్పుడు మొదలెట్టింది బేరం, అది వేరే యుద్ధం. పట్నంలో పట్టుచీర కొనేటప్పుడు రంగు పోతుందా అని సేల్స్‌మన్‌ని అడిగి, పోదంటే నమ్మి ఇంటికెళ్లిపోయే మనం "అమాయక గిరిజనులు" అని వ్యాసాలు రాస్తుంటాం.

ఆ పిల్ల దారం కొన్నది కపడాగండా కోసం. ముతక తెల్లగుడ్డ మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో కుట్టే శాలువా అది. గీతలు, త్రికోణాలు, మళ్లీ గీతలు. ముందుగా పెన్సిలుతో గీసుకోవడం, అచ్చు పెట్టుకోవడం లాంటివేం ఉండవు. లెక్కంతా కంట్లోనూ వేళ్లలోనూ ఉంటుంది. ఎరుపంటే రక్తం, పంతం; పసుపంటే శాంతి, కలిసుండటం; ఆకుపచ్చంటే కొండ, మొలక అని చెప్తారు. త్రికోణాలు కొండలు, వాళ్ల దేవుడు నియమ్‌రాజా ఉండే కొండలు. పెళ్లికాని ఆడపిల్లలు కుట్టి అన్నకో తండ్రికో ఇస్తారు, లేదా మనసుపడ్డ అబ్బాయికిస్తారు. అంటే మొదటి కుట్టు వేసేటప్పటికే అది ఎవరి భుజానికి పోతుందో ఖాయమైపోయి ఉంటుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పని పడుతుంది.

ఆడవాళ్లు రెండు గుడ్డలు కడతారు, నడుముకొకటి, పైన మెడ దగ్గర ముడేసుకునేదొకటి. మగవాళ్లు సన్నటి పొడవాటి గుడ్డ గోచీలా కట్టి, కుట్టుపని ఉన్న కొసలు ముందూ వెనకా వేలాడేలా వదులుతారు. మగవాళ్లూ జుట్టు పెంచి వెనక ముడేసి అందులో దువ్వెన గుచ్చుకుంటారు, ముక్కుకి రింగులు మగపిల్లలకీ ఉంటాయి. సోకు ఆడవాళ్ల సొత్తు అనుకునే మనకి ఇది మింగుడుపడదు. సంతలో మా మూట ముందు కూర్చుని క్లిప్పు తలలో పెట్టుకుని అద్దంలో చూసుకునేవాళ్లలో కుర్రాళ్లు తక్కువేం కాదు.

ఇప్పుడు అసలు విషయం. ఆ తెల్లగుడ్డ వాళ్లు నెయ్యరు. కింద పల్లెల్లోని డొంబులు నేసేవారు, డొంగ్రియాలు కొనుక్కునేవారు. దారం మాలాంటి కొట్లది. సూది మిల్లుది, క్లిప్పులు ఏ ఫ్యాక్టరీవో. డొంగ్రియాలది కుట్టు, ఆ లెక్క, ఆ రంగుల వరస, ఎవరికివ్వాలన్న నిర్ణయం. మరి "నాగరికత సోకని స్వచ్ఛమైన ఆదివాసీ వస్త్రం" అని బ్రోషర్లలో రాసేది దేని గురించి? డొంబుల మగ్గం, కోమటి కొట్టు, కోందు పిల్ల చెయ్యి, మూడూ కలిస్తేగానీ ఆ శాలువా లేదు. ఒకరి మీద ఒకరు ఆధారపడిన బతుకులోంచి వచ్చింది కాబట్టే దానికంత విలువ. అంతెందుకు, వాళ్లు మాట్లాడే కువి కూడా ద్రావిడ భాషే, మన తెలుగుకి దగ్గరి చుట్టం. వీళ్లెవరో వేరే లోకం నుంచి ఊడిపడ్డట్టు మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది.

కోట్‌పాడ్ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. కోరాపుట్ జిల్లాలో చిన్న పట్నం అది. అక్కడ మిర్గాన్ కులస్తులు, పానికాలనీ అంటారు, నేతపని చేస్తారు. వాళ్లు నేసింది వాళ్లు కట్టుకోవడానికి మాత్రమే కాదు, చుట్టుపక్కల ఉండే భత్ర, పరజ, గదబ తెగల కోసం. పెళ్లికొక రకం అంచు, రోజువారీకొక రకం. రంగు ఆల్ చెట్టు వేరు బెరడు నుంచి తీస్తారు, మన పాత నేతగాళ్లు తొగరు అనేవారే, ఆ జాతి చెట్టు. నూలుని ముందు ఆముదం, బూడిద, పేడ కలిపి రోజుల తరబడి నానబెట్టి, తొక్కి, ఉతికి, ఆరబెట్టి, మళ్లీ నానబెట్టి, అప్పుడు వేరు పొడిలో ఉడికిస్తారు. ఒక్క రంగుకే వారాలు పడుతుంది. అప్పుడొస్తుంది ఆ ముదురెరుపు, మరీ ముదిరితే కాఫీగింజ రంగు. మిగతాదంతా రంగెయ్యని నూలు. దాని మీద పీత, చేప, శంఖం, విల్లు, గొడ్డలి. ఫలానా చోట పుట్టిన సరుకని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు, జీఐ ట్యాగు అంటారు, ఒడిశాలో అది మొట్టమొదట వచ్చింది దీనికే, 2005లో. గోవర్ధన్ పానికా అనే కోట్‌పాడ్ నేతగాడికి 2018లో పద్మశ్రీ ఇచ్చారు. సంతోషం.

కానీ ఇవాళ కోట్‌పాడ్ చీర కట్టుకుంటున్నది ఎవరు? భువనేశ్వర్లో ఆఫీసరు గారి భార్య, హైదరాబాద్‌లో నాలాంటివాళ్ల బ్లాగులు చదివే వాళ్లు. ఎవరి పెళ్లి కోసమైతే ఆ అంచు పుట్టిందో ఆ పరజ పిల్ల మా కొట్లో సింథటిక్ చీర కొంటోంది. ఎందుకు కొనదు? నాలుగొందలకి వస్తుంది, ఉతికితే గంటలో ఆరుతుంది, వరినాట్లకి కట్టుకెళ్లినా బురద వదులుతుంది. కోట్‌పాడ్ చీర వేలల్లో ఉంది. రంగుకి అంత కష్టం ఉంది కాబట్టి నేతగాడు ఆ ధర అడగడం న్యాయమే, ఆ ధర పెట్టలేకపోవడం కూలి చేసుకునే పిల్ల తప్పూ కాదు. ఎంపోరియం వచ్చాక నేతగాడికి పట్నం గిరాకీ దొరికింది, పాత గిరాకీ జారిపోయింది. వాళ్లు బట్టని వదిలేశారు అని బాధపడేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి వేసుకుంటే మంచిది. బట్టే వాళ్లకి అందనంత దూరం పోయింది.

గదబల కెరంగ్ బట్ట కూడా అంతే. కెరంగ్ అనే పొద కొమ్మల నార తీసి, వడికి, నూలుతో కలిపి ఎరుపు, నీలం, తెలుపు చారలతో నేసేవారు. ధెంసా ఆడేటప్పుడు ఒకరి వెనక ఒకరు చేతులు కలిపి వరసగా ఊగుతుంటే ఆ చారలన్నీ కలిసి పాములా కదిలేవి. అరకు వైపు వాళ్లకి తెలుసు, గదబలు అక్కడా ఉన్నారు. నార తియ్యడం, వడకడం ఎంత చాకిరీయో చేసినవాళ్లకి తెలుస్తుంది. నడుమంతా నొప్పులు పుట్టించుకుని అది నెయ్యమని ఇంకొకామెకి చెప్పేముందు మనింట్లో మిక్సీ పక్కన పెట్టి రోలు బయటికి తీస్తామా?

ఇక్కడ ఇంకో మాట. ఎప్పుడు చూసినా ఈ బాధంతా ఆడవాళ్ల బట్ట గురించే. గదబ మగాళ్లు గోచీ మానేసి లుంగీ, ప్యాంటు వేసి ఎన్నేళ్లయిందో ఎవరూ లెక్కపెట్టలేదు. సవర మగాళ్ల గోచీ కొస వెనక వేలాడుతూ ఉండేది, ఇప్పుడు గుణుపురం బస్టాండులో నిలబడితే అందరూ ప్యాంట్లే, ఒక్కడూ "అయ్యో మన సంస్కృతి" అని కంటతడి పెట్టలేదు. అదే సవర ముసలామె చెవికి కర్ర బిళ్ల పెట్టుకోకపోతే ఫోటోలు తీసేవాళ్లకి బెంగ. మన ఇళ్లలో మాత్రం వేరేగా ఉందా? మావారు పెళ్లిలో తాళి కట్టేదాకా పంచె కట్టారు, రిసెప్షన్‌కి సూటు, మర్నాటి నుంచి ప్యాంటు, ఎవరూ ఏమీ అనలేదు. నేను వరలక్ష్మీ వ్రతానికి చుడీదార్ వేసుకుంటే మా అత్తగారు మూడు రోజులు ముభావంగా ఉంటారు. సంప్రదాయం మోసే పని ఆడదానికప్పజెప్పి మగాడు చేతులు దులుపుకోవడం కొండ మీదా కిందా ఒకటే. ఒక్క డొంగ్రియా కుర్రాళ్లే నయం, పండక్కి అక్కచెల్లెళ్లు కుట్టిచ్చిన శాలువా వాళ్లే వేసుకుని తిరుగుతారు, సెల్‌ఫోనూ దువ్వెనా రెండూ ఉంటాయి.

బోండాలనే తెగ విషయానికొస్తే మన పెత్తనం మరీ రోత పుట్టిస్తుంది. వాళ్ల కొండలు మల్కనగిరి జిల్లాలో, దిగేది ఒనుకుదెల్లి గురువారం సంతకి. బోండా ఆడవాళ్లు తల గొరిగించుకుంటారు, మెడనిండా లోహపు కడియాలు, అక్కణ్ణుంచి నడుం దాకా పూసల దండలు, నడుముకి రింగా అనే చిన్న గుడ్డ, దాన్ని తమ చేత్తో తామే నేసుకుంటారు. దీనికి అందరూ చెప్పే కథొకటుంది. సీతమ్మవారు స్నానం చేస్తుంటే బోండా ఆడవాళ్లు చూసి నవ్వారట, ఆమె శపించిందట, కాళ్ల మీద పడితే చీర కొంగు చింపి ఇచ్చిందట, ఆ పీలికే రింగా అట. వాళ్లలోనూ ఈ కథ చెప్పుకునేవాళ్లున్నారు, కాదనను. కానీ కథ ఎవరికి పనికొస్తోందో చూడండి. మగ్గం మీద కూర్చుని నేసే పనితనం, పూసల వరసల్లో ఉన్న లెక్క, అదంతా మాయమైపోయి చివరికి మిగిలింది శిక్ష. పట్నం నుంచి కారేసుకొచ్చి, కెమెరా తీసి, కథ చెప్పుకుని, జాలిపడి, పక్కన నిలబడి సెల్ఫీ దిగి వెళ్లిపోవడానికి వీలుగా ఉంది. సంతకి కూరగాయలు అమ్ముకోవడానికొచ్చిన మనిషిని ఆమె అనుమతి లేకుండా ఫోటో తీస్తే మన రైతుబజార్లో అయితే పళ్లు రాలగొడతారు.

బట్ట విషయంలో అధికారం చూపించడం కొత్తేం కాదు. ఇక్కడికి చాలా దూరంలో, ఉత్తరాన కేవంఝర్ అడవుల్లో జువాంగులుంటారు. వాళ్ల ఆడవాళ్లు ఆకులు కట్టుకునేవారు. 1871లో బ్రిటిష్ అధికారులు ఆ ఆకులు మాన్పించి నూలు బట్ట కట్టించారు. అప్పుడు తెల్లదొర చెప్పాడు కట్టుకోమని, ఇప్పుడు నల్లదొరలం చెప్తున్నాం స్టేజీ ఎక్కేటప్పుడు విప్పి పాతవి కట్టుకోమని.

ఆకులంటే గుర్తొచ్చింది. మన పిల్లల బడుల్లో ఫ్యాన్సీ డ్రెస్సు, యాన్యువల్ డే. "ట్రైబల్ డాన్స్" అనగానే ఆకుపచ్చ ప్లాస్టిక్ ఆకుల లంగా, ముఖానికి నల్ల రంగు, తెల్ల చుక్కలు, నెత్తిన ఈక, చేతిలో బల్లెం, "హూ హూ" అంటూ గంతులు. కోందులు కాదు, సవరలు కాదు, గదబలు కాదు, ఈ చుట్టుపక్కల ఏ తెగవాళ్లూ అలా ఉండరు. ఏ పాత సినిమాలోంచో వచ్చిపడింది. ఒకసారి నేను తెలుగు భాషా దినోత్సవానికి వెళ్లాను, ఎక్కడన్నది వదిలెయ్యండి, అక్కడా ఇదే డాన్సు. ఆగస్టు 29 ఎవరి పుట్టినరోజు? గిడుగు రామమూర్తి గారిది. పర్లాకిమిడిలో మేష్టరుగా ఉంటూ సవరల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకుని, వ్యాకరణం, నిఘంటువు రాసి, వాళ్ల పిల్లలకి బడులు పెట్టించిన మనిషి. ఆయన ఫోటోకి దండేసి, ఆ ఫోటో ముందే మన పిల్లలకి మసి పూసి గెంతులేయించారు. ఆ హాల్లో డ్యూటీకొచ్చిన ఉద్యోగుల్లో సవరలూ ఉన్నారు. చప్పట్లు కొట్టారు, ఏం చేస్తారు పాపం, ముందు వరసలో పై ఆఫీసర్లున్నారు.

ఇది రాస్తే ఒకాయన, మా దూరపు చుట్టమే, "అయితే మరి వాళ్ల సంప్రదాయాన్ని కాపాడొద్దా, వదిలేస్తే నాలుగేళ్లలో మాయమైపోతుంది" అన్నాడు. కాపాడొద్దని నేనెక్కడన్నాను? అసలు ఎక్కడ పోతోందో చూసి అక్కడ పట్టుకోమంటున్నాను. కపడాగండా కుట్టడం ఆడపిల్లలకి నేర్పేది ఎవరు? సాయంత్రాలు పిల్లలంతా ఒకచోట చేరినప్పుడు పెద్దపిల్లల పక్కన కూర్చుని చూసి నేర్చుకునేవారు. ఇప్పుడు ఆ వయసు పిల్లలు చాలామంది ప్రభుత్వ హాస్టళ్లలో ఉంటున్నారు. చదువు కావాలి, అందులో రెండో మాట లేదు, సంతలో దారం కొనే తల్లులే ముందు "పిల్ల చదువుకుంటోంది" అని గొప్పగా చెప్తారు. కానీ ఆ పిల్ల సెలవులకొచ్చినప్పుడు సూది పట్టుకుంటే వరస తప్పుతోందని వాళ్లే అంటున్నారు. ఎవరూ నిషేధించలేదు, నేర్చుకునే వయసంతా హాస్టల్లో గడిచిపోతోంది. వారానికి రెండు పీరియడ్లు, కొండ మీంచి ఒక పెద్దామెని పిలిచి, టీచరుకిచ్చినట్టే జీతమిచ్చి కుట్టు నేర్పిస్తే చాలు. ఉత్సవాల్లో లైటింగుకి పెట్టే ఖర్చుతో పోలిస్తే అది చిల్లర.

జీఐ ట్యాగు వచ్చింది కదా అంటారు. వచ్చింది, 2024 జనవరిలో కపడాగండాకి జీఐ ఇచ్చారు. దరఖాస్తు పెట్టిన వాళ్లలో డొంగ్రియాల సొంత సంఘం ఉండటం నాకు నచ్చింది, పై నుంచి ఎవరో వచ్చి వాళ్ల తరఫున సంతకం పెట్టలేదు. అదే విడతలో లాంజియా సవరల గోడ బొమ్మలకీ, కోరాపుట్ కాలాజీరా బియ్యానికీ కూడా వచ్చింది. కానీ ఈ చట్టం ఏం చేస్తుందో ఏం చెయ్యదో తెలుసుకోవాలి. 1999లో చేసిన చట్టం, 2003 నుంచి అమల్లో ఉంది. రిజిస్ట్రేషన్ పదేళ్లుంటుంది, మళ్లీ పొడిగించుకోవాలి. అది కాపాడేది పేరుని. ఫలానా పేరుతో ఫలానా చోట పుట్టని సరుకు అమ్మకూడదు అంటుంది. కుట్టే మనిషి తన పేరు అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు చేయించుకోవాలి, ఆ కాగితాల పని కొండ మీద కూర్చుని అయ్యేది కాదు. ఇక పేరు వాడకుండా ఆ త్రికోణాలూ గీతలూ అలాగే దించేసి ప్రింటు కొట్టి అమ్మితే, ఈ చట్టంతో వాణ్ణి పట్టుకోవడం కష్టం.

ఇది నేను ఊరికే చెప్పట్లేదు. మా కొట్టుకి సరుకేసే ఏజెంటు ఒకాయన ఈమధ్య శాంపిళ్ల పుస్తకంలో ఒక దుపట్టా చూపించాడు. పాలిస్టర్. తెలుపు మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ త్రికోణాలు. దూరం నుంచి చూస్తే అచ్చం అదే. దగ్గరికి తీసుకుని తిప్పి చూస్తే వెనకాల ఖాళీ, రంగు ఇవతలికి దిగనేలేదు. పేరేంటయ్యా అంటే "ట్రైబల్ ప్రింటు మేడమ్, బాగా పోతోంది, నూట ఎనభై" అన్నాడు. ఎవరి డిజైనో తెలుసా అంటే కంప్యూటర్ డిజైన్ అన్నాడు. మేం తీసుకోలేదు, బజార్లో ఇంకొకరు తీసుకున్నారు, అంతే జరిగింది. రోజుల తరబడి కూర్చుని కుట్టిన శాలువా పక్కన నూట ఎనభై రూపాయల దుపట్టా వేలాడదీస్తే కొనేవాడికి ఆ పిల్ల అడిగే ధర దోపిడీలా కనిపిస్తుంది. అసలు దెబ్బ అక్కడ తగులుతుంది.

ఇంకో దెబ్బ సన్మానాలది. శాలువా అన్నది ఎవరికోసం కుడతారో పైన చెప్పాను కదా. నియమగిరి గొడవ మీకు గుర్తుండే ఉంటుంది, బాక్సైటు కోసం కొండ తవ్వుతామంటే 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభలనే అడగమంది, రాయగడలో ఏడు, కలహండిలో ఐదు, మొత్తం 12 పల్లెలూ ఆ వేసవి దాటాక కూర్చుని వద్దనేశాయి. అప్పుడు పేపర్లలో వచ్చిన ప్రతి ఫోటోలోనూ ఆ తెల్లగుడ్డ మీది ఎర్ర గీతలు కనిపించేవి. అంతవరకూ "కొండోళ్ల గుడ్డ" అన్నవాళ్లే తర్వాత మీటింగుల్లో నాయకుడి భుజాన కప్పడానికి అది కావాలని మా కొట్టుకొచ్చి అడగడం మొదలెట్టారు. "రేపొద్దున్నకి పది కావాలమ్మా" అంటారు. రేపొద్దున్నకి పది! అన్నకోసం కుట్టుకున్నదాన్ని అడిగి తీసుకుపోయి ఎవరో మంత్రిగారి మెడలో వేస్తే, ఆయన కారెక్కేలోపు తీసి పీఏ చేతికిస్తాడు. అమ్ముకుందామని అదనంగా కుట్టేవాళ్లూ ఉన్నారు, వాళ్లకి అమ్మకం కావాలి, మంచిదే. కానీ వాళ్ల చేతిలో ఉన్న సమయం ఎంత, ఎన్ని కుట్టగలరు అన్నది ఆర్డరిచ్చేవాడు అడగాలి కదా.

"అయితే మేం కట్టుకోవచ్చా, కప్పుకోవచ్చా" అని ఇది చదివి ఎవరైనా అడుగుతారని తెలుసు. కప్పుకోండి, ఎవరొద్దన్నారు. బట్ట సంతలో పెట్టారంటే అమ్మడానికే పెట్టారు. కాకపోతే చాటికోనలో ఆమె చెప్పిన ధరలో సగానికి అడగకండి, ఎంపోరియంలో స్టిక్కరు మీదున్న ధర నోరెత్తకుండా కట్టి ఇక్కడ మాత్రం బేరమాడేవాళ్లని చూస్తూనే ఉన్నాను. ఒంటి మీదున్నది విప్పి ఇమ్మని అడగకండి, అలా అడిగేవాళ్లూ ఉన్నారు, పాతదైతే యాంటిక్ అట. కొత్తది కావాలంటే బయానా ఇచ్చి, ఎప్పటికవుతుందో ఆమెనే చెప్పమనండి, పసుపు తవ్వే రోజుల్లో అయితే కుదరదంటుంది, అప్పుడు ఆగండి. కోట్‌పాడ్ చీర కొనాలనుకుంటే ఆన్‌లైన్లో వెతకడం మానేసి నేరుగా అక్కడికే వెళ్లండి, జయపురం నుంచి జగదల్‌పూర్ పోయే రోడ్డు మీదే ఉంది. నేతగాళ్ల ఇంట్లో కూర్చుంటే నూలు నానబెట్టిన కుండలు కూడా చూపిస్తారు, వాసన మాత్రం కొంచెం ఓర్చుకోవాలి.